ఎముకల కోసం గెంతమంటున్న క్రీడాకారుల మాట అరవై దాటినవాళ్లు వినవచ్చా?

తుంగభద్ర_వాణి

అమ్మకు 61. పోయిన నెల ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయించాం. నడుము దగ్గర టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.7, తుంటి దగ్గర మైనస్ 1.9. ఎముకలు గుల్లబారాయని చెప్పి, వారానికొకటి వేసుకునే మాత్ర, కాల్షియం, విటమిన్ డి రాసిచ్చి "రోజూ నడవండమ్మా" అని పంపించారు.

అక్టోబరు 20 ప్రపంచ ఆస్టియోపొరోసిస్ దినమట, అంటే ఈ ఎముకలు గుల్లబారే జబ్బు పేరిట. ఆ వారమంతా అమ్మ ఫోను నిండా క్రీడాకారుల వీడియోలే. ఒకామె స్కిప్పింగ్ చేస్తుంది, ఇంకొకాయన బరువులెత్తుతాడు, ఎముకలు గట్టిపడాలంటే గెంతండి, ఎత్తండి అని ఊదరగొడతారు. అంతా పాతికేళ్ల పిల్లలు. చివర్లో ఏదో పొడి డబ్బా ప్రత్యక్షం. ఇప్పుడు అమ్మ స్కిప్పింగ్ తాడు తెప్పించమని పట్టుబట్టింది. మూడేళ్ల కిందట స్నానాల గదిలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషి!

పాతికేళ్లవాళ్లకూ అరవై దాటినవాళ్లకూ కలిపి ఒకే సలహా ఇచ్చేయడం ఏం బాధ్యత? అసలు వాళ్లు చెప్పేదాంట్లో నిజమెంత? తెలిసినవాళ్లు చెప్పండి.

వాకిట్లో_వేపచెట్టు

మొదట్లో గెంతేది ఎముకల కోసం, చివర్లో గెంతేది చెక్కు కోసం. డబ్బా కనిపించగానే నేను వీడియో కట్టేస్తాను.

ఫిజియో_మాధవి

వాణి గారూ, తాడు ఇప్పుడే కొనకండి. అలాగని ఆ క్రీడాకారులు చెప్పేది తప్పు అనుకోకండి. రెండూ విడివిడిగా చూడాలి.

ఎముక బతికున్న పదార్థం. పాత ఎముకను తొలిచే కణాలు కొన్ని, కొత్త ఎముకను పోసే కణాలు కొన్ని జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. బరువు పడే చోట పోత నిలుస్తుంది, పడని చోట తొలుపుడు గెలుస్తుంది. జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సంగతి పుస్తకంగా రాశాడు. అంతరిక్షంలో ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గిపోతుంది. వాళ్లు ఏరికోరి పంపిన దృఢకాయులు. అక్కడ ఒంటి బరువు ఎముక మీద పడకపోవడమే కారణం.

ఇక నడక. గుండెకు మంచిది, షుగరుకు మంచిది, నిద్రకు మంచిది. కానీ నలభై ఏళ్లుగా వంటింటికీ బజారుకూ తిరుగుతున్న కాలి ఎముకకు ఇంకో అరగంట నడక కొత్త కబురేమీ కాదు. అలవాటు లేని బరువు, కాస్త వేగంగా, కాసేపే పడాలి. ఎముక స్పందించేది దానికే. వీడియోల్లో వాళ్లు గెంతమనేది అందుకే.

అయితే మీ అమ్మగారి స్కోరు ఎముకలు గుల్లబారినట్టు లెక్కగట్టే మైనస్ 2.5 కన్నా కిందికి వెళ్లింది, ఒకసారి మణికట్టు కూడా విరిగింది. ఇలాంటివారికి గెంతడం మొదటి మెట్టు కాదు. మొదటి మెట్టు పడిపోకుండా చూసుకోవడం, రెండోది కండ బలం. గెంతడం గురించి ఆ తరువాత ఆలోచిద్దాం, అదీ అవసరమైతేనే.

చక్రం_తిప్పేవాడు

ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల కింద వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, ప్రతి ఆదివారం అక్కడే నా మకాం. వయసు 44. నా ఎముకల గురించి నాకు దిగులు లేదనే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. మాధవి గారి మాట చదివాక అనుమానం మొదలైంది. సైకిలు తొక్కితే బరువు పడుతుందా, పడదా?

ఫిజియో_మాధవి

పడదు. సీటు మోస్తుంది. ఈతలో నీళ్లు మోస్తాయి. రెండూ మంచి వ్యాయామాలే, ఎముక లెక్కలో మాత్రం సున్నాకు దగ్గర.

పుస్తకాల_పురుగు

చక్రం గారిని భయపెట్టడానికి కాదు గానీ, ఈ విషయంలో అందరూ చెప్పుకునే పేరు ఒకటుంది. క్రిస్ బోర్డ్‌మన్ అనే బ్రిటిష్ సైక్లిస్టు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. ముప్పై ఏళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడే ఎముకలు పలచబడ్డాయని తేలింది. వైద్యంగా టెస్టోస్టెరాన్ ఇవ్వాలి, పోటీల్లో ఉండగా అది నిషిద్ధం. చివరికి 2000లో గంట రికార్డు, అంటే గంటలో 49.441 కిలోమీటర్లు తొక్కి, ఆట నుంచి తప్పుకున్నాడు. ప్రపంచంలోకెల్లా బలమైన కాళ్లు, వాటి లోపల బలహీనమైన ఎముకలు. "క్రీడాకారుడు చెప్పాడు కాబట్టి" అనే ముందు ఏ క్రీడ అని అడగాలి.

చక్రం_తిప్పేవాడు

ఆదివారం ఉదయాన్నే ఇలాంటి కథ చెప్పే స్నేహితులు అందరికీ ఉండాలి. ధన్యవాదాలు.

సందేహాల_సంచి

నాకు అసలు మూలంలోనే అనుమానం ఉంది. పుట్టుకతోనే గట్టి ఎముకలున్న పిల్లలే ఆటల్లో నిలబడతారు, బలహీనులు విరగ్గొట్టుకుని ఇంటికి పోతారు. పైకి వచ్చినవాళ్లను చూపించి "ఆడితే ఎముక గట్టిపడుతుంది" అంటే ఎలా? పొడుగ్గా ఉన్నవాళ్లను బాస్కెట్‌బాల్‌లోకి తీసుకుని, ఆ ఆట ఆడితే పొడుగు పెరుగుతారని చెప్పినట్టుంది.

ఫిజియో_మాధవి

సంచి గారూ, మంచి ప్రశ్న. పరిశోధకులకూ ఇదే అనుమానం వచ్చింది. అందుకే టెన్నిస్ ఆటగాళ్లను పట్టుకున్నారు. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే తల్లిదండ్రులు, ఒకే హార్మోన్లు. ఒక చెయ్యి రాకెట్ పడుతుంది, రెండోది ఖాళీ. రెండు చేతుల్నీ ఎక్స్‌రే తీసి పోలిస్తే రాకెట్ పట్టే చేతి దండ ఎముక గోడ స్పష్టంగా మందంగా కనిపించింది. పుట్టుకతోనే వచ్చి ఉంటే రెండు చేతులకూ రావాలి కదా.

ఇంకో సంగతి. చిన్నప్పుడే, అంటే రజస్వల కాకముందే రాకెట్ పట్టిన అమ్మాయిల్లో ఈ తేడా చాలా ఎక్కువ. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో తక్కువ.

సందేహాల_సంచి

ఇది ఒప్పుకుంటాను. డబ్బా సంగతి మాత్రం ఒప్పుకోను.

మాస్టారు_ఆమదాలవలస

మాధవి గారు చివర్లో అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది కరణం మల్లీశ్వరి ఊరి పక్క. ఆమెది ఊసవానిపేట. 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర అక్కచెల్లెళ్లంతా బరువులెత్తేవారు. ఆ రోజుల్లో ఊళ్లో వినిపించిన మాటలు నాకు బాగా గుర్తు. ఆడపిల్లలు బరువులెత్తితే గర్భసంచి జారిపోతుందని, పెళ్లి కాదని, పొట్టిగా ఉండిపోతారని. చెప్పినవాళ్లంతా నీళ్ల బిందె చంకన పెట్టుకుని, నెత్తిన ఇంకోటి పెట్టుకుని చెప్పినవాళ్లే!

ఆమె పతకం తెచ్చాక నోళ్లు మూతబడ్డాయి గానీ అలవాట్లు మారలేదు. ఆరో తరగతిలో ఖోఖోకు నలభై మంది అమ్మాయిలు వచ్చేవారు. తొమ్మిదికి వచ్చేసరికి పదిమంది ఉంటే గొప్ప. మధ్యలో ఏమైంది? పెద్దమనిషైంది, ఇక గెంతకూడదు, చున్నీ జారుతుంది, ఎండలో నల్లబడుతుంది. తొక్కుడుబిళ్ల, తాడాట, ఖోఖో, అన్నిట్లోనూ ఉన్నది గెంతడమే. ఎముకకు అది అన్నిటికన్నా అవసరమైన ఏళ్లలోనే మనం ఆపించేస్తాం. ఒంట్లో చేరాల్సిన ఎముకలో దాదాపు 90 శాతం ఆడపిల్లలకు 18 ఏళ్లకల్లా చేరిపోతుందని వైద్యులు చెబుతారు. ఆ తరువాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

అందుకే ఈ క్రీడాకారులు అరవై ఏళ్ల అమ్మల ఫోన్లలోకి రావడం మానేసి పన్నెండేళ్ల పిల్లల బడుల్లోకి రావాలంటాను. వాళ్లు వచ్చినా గెంతడానికి స్థలం ఏది? ప్రైవేటు స్కూళ్లలో సగం అపార్ట్‌మెంట్లలో నడుస్తున్నాయి. మైదానం అంటే స్కూటర్లు నిలిపే చోటు.

రాగిసంకటి

మాస్టారూ, చివరి రెండు వాక్యాలకు చప్పట్లు. మా పాప స్కూల్లో ఆటల పీరియడ్‌కు గదిలో క్యారమ్స్ ఆడిస్తున్నారు. బొటనవేలి ఎముక మాత్రం ఉక్కులా తయారవుతుంది.

లలిత_కె

అందరూ బరువులు, గెంతులు అని ఉత్సాహపడుతున్నారు. మా అత్తగారి సంగతి చెబుతాను. 68 ఏళ్లు. టీవీలో ఎవరో చెప్పారని ఉదయాన్నే నేల మీద కూర్చుని కాళ్లు చాపి, ముందుకు వంగి కాలివేళ్లు పట్టుకునే ఆసనం మొదలుపెట్టారు. ఒకరోజు పట్టుకుని లేవలేకపోయారు. వెన్నుపూస నలిగింది. మూడు నెలలు మంచం. చెప్పినాయన మాత్రం మర్నాడు కూడా టీవీలో నవ్వుతూనే ఉన్నాడు. వయసులో ఉన్నవాళ్ల ఒంటిని చూపించి పెద్దవాళ్లను ఉసిగొల్పడం నాకు నచ్చదు. వాణి గారూ, నడక చాలు. డాక్టరు చెప్పిందే చేయించండి.

ఫిజియో_మాధవి

లలిత గారూ, మీ అత్తగారికి జరిగింది ఎవరికైనా జరగవచ్చు, అందుకే వాణి గారు దీన్ని తప్పక చదవాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు వెన్ను గుండ్రంగా చేసి ముందుకు వంగకూడదు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి మహిళల్ని గమనించి రాశారు. ముందుకు వంగే వ్యాయామాలు చేసిన గుంపులో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. వెనక్కి నిటారుగా సాగే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికే. కాబట్టి పశ్చిమోత్తానాసనం, పడుకుని లేచే సిటప్స్, నడుము మెలితిప్పడం, ఇవన్నీ వద్దు.

కానీ "నడక చాలు" అనేదానితో ఏకీభవించలేను. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం లిఫ్ట్‌మోర్ అనే ప్రయోగం చేసింది. ముట్లు ఆగిపోయి, ఎముకలు పలచబడిన 101 మంది మహిళలు. సగటు వయసు 65. సగం మందికి వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు బరువులు. అవి కిలో డంబెల్స్ కావు. తాము ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతానికి పైన, ఐదేసి సార్లు, ఐదు విడతలు. దాంతోపాటు కడ్డీ పట్టుకుని ఎగిరి బరువుగా దిగడం. మిగతా సగం మంది ఇంటి దగ్గర తేలికపాటి కసరత్తు. బరువులెత్తినవాళ్ల నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండోవాళ్లది 1.2 శాతం తగ్గింది. వ్యాయామం వల్ల కలిగిన ఇబ్బంది అంటే ఒకరికి నడుము కాస్త పట్టేయడం. ఎముక ఒక్కటీ విరగలేదు.

లలిత_కె

ఆ 65 ఏళ్లావిడ పక్కన శిక్షకురాలు నిలబడి, వీపు తిన్నగా ఉందా లేదా అని ప్రతి ఎత్తుకూ చూసి ఉంటుంది. ఆదోనిలోనో ఆత్మకూరులోనో ఎవరు నిలబడతారు? మా వీధి చివర జిమ్‌లో కుర్రాడు ఇరవై ఏళ్లవాడు. అద్దంలో తన భుజాలు చూసుకోవడానికే వాడికి పొద్దు చాలదు.

ఫిజియో_మాధవి

అవును, చూశారు. మొదటి నెలంతా తేలిక బరువులతో పద్ధతి నేర్పి ఆ తరువాతే పెంచారు. అక్కడ మీతో నాకు పేచీ లేదు.

వాకిట్లో_వేపచెట్టు

జిమ్ కుర్రాడి భుజాల సంగతి నిజం.

పాలమూరు_అనూష

ఒక ముఖ్యమైన విషయం ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోనే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15 నుంచి 49 ఏళ్లవారిలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మా పిన్నికి 34 ఏళ్లకే తీసేశారు. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే "ఇక పిల్లలు వద్దు కదా, తీసేస్తే పీడా పోతుంది" అన్నారట. అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు 50. రెండంగుళాలు పొట్టి అయింది, వీపు వంగింది.

అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్నంతకాలం ఎముకను తొలిచే కణాలకు కళ్లెం ఉంటుంది. అండాశయాలు తీసేస్తే ఆ కళ్లెం ఒక్కరోజులో తెగుతుంది. గర్భసంచి మాత్రమే తీసి వాటిని ఉంచినా ముట్లుడిగే దశ తొందరగా రావచ్చు. పిన్ని కూలికి పోయి జీవితాంతం బరువులు మోసిన మనిషి. వ్యాయామం లేక కాదు ఆమెకు ఇలా అయింది. అందుకని క్రీడాకారులు వచ్చి "కదలండి, గెంతండి" అంటే నాకు కోపం వస్తుంది. మహబూబ్‌నగర్‌లో తట్ట మోసే ఆడదానికి కదలమని చెబుతారా? ముందు ఆ ఆపరేషన్లు ఎందుకు జరుగుతున్నాయో అడగమనండి.

తుంగభద్ర_వాణి

అనూష గారూ, మీ పోస్టు చదివి అమ్మను అడిగాను. అమ్మకు కూడా 41కి తీయించారట. నాకప్పుడు ఇంటర్ పరీక్షలు, హాస్టల్లో ఉన్నాను. ఇంట్లో "చిన్న ఆపరేషన్" అన్నారు, అంతే. స్కాన్ తీసినప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఫిజియో_మాధవి

వాణి గారూ, ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పాత కాగితాలు దొరికితే అండాశయాలు ఉంచారో లేదో చూడండి. వైద్యం లెక్కే మారవచ్చు.

అనూష గారు అన్నదానికి ఒక చేర్పు. తట్ట మోయడం బరువే, కానీ తిండి చాలకపోతే ఆ బరువు ఎముకను కట్టదు, అరగదీస్తుంది.

పరుగుల_పాప_అమ్మ

మాధవి గారి చివరి వాక్యం మా ఇంట్లో జరిగింది, అదీ కూలి పనిలో కాదు, క్రీడల్లోనే. పాపకు 16, దూర పరుగులు. ఒక అకాడమీలో చేర్పించాం. సన్నగా ఉంటే వేగం వస్తుందని అన్నం తగ్గించమన్నారు. ముట్లు ఆగిపోయాయి. అడిగితే "మంచి శిక్షణలో ఉన్న అమ్మాయిలకు అలాగే ఉంటుంది, అదృష్టం అనుకోండి" అన్నాడు కోచ్. ఏడాది తిరిగేలోగా ముంగాలి ఎముకలో పగులు. మానిన నాలుగు నెలలకు ఇంకో కాలిలో. రెండోసారి పట్నం తీసుకెళితే అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "నెలసరి వస్తోందా?" అని. అప్పుడు అర్థమైంది.

ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి ఒక పేరు పెట్టి, తిండి చాలకుండా శిక్షణ ఇస్తే హార్మోన్లు, ఎముకలు దెబ్బతింటాయని చెప్పింది. ఇంగ్లండ్‌లో బాబీ క్లే అనే అమ్మాయి 2015లో యూరప్ జూనియర్ 1500 మీటర్ల విజేత. 20 ఏళ్లకు, 2017లో, తనకు ఆస్టియోపొరోసిస్ ఉందని, నెలసరి ఎన్నడూ రాలేదని బయటికి చెప్పింది. ఎముకల గురించి మాట్లాడిన క్రీడాకారుల్లో నాకు నచ్చింది ఆమె. డబ్బా పట్టుకోలేదు, గెంతి చూపించలేదు. ఏం పోగొట్టుకుందో చెప్పింది.

పుస్తకాల_పురుగు

మన సింధు కూడా 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం గెలిచి, ఎడమ పాదంలో ఒత్తిడి పగులుతో ఆ నెలలోనే టోక్యో ప్రపంచ పోటీలకు దూరమైంది. ఆమెది వేరే కారణం, ఆట భారం. పేరు ఎందుకు తీశానంటే, అంత గట్టి మనిషికి కూడా విశ్రాంతి ఇవ్వకపోతే ఎముక పగులుతుంది. వీడియోల్లో ఎవరూ విశ్రాంతి గురించి మాట్లాడరు. అది చూడ్డానికి బాగుండదు మరి.

డాలస్_పద్మ

ఇక్కడ ఊరి వినోద కేంద్రంలో అరవై దాటినవాళ్లకు వారానికి రెండు తరగతులు. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, రబ్బరు పట్టీలు లాగడం, చిన్న బరువులు. తెనాలి నుంచి ఆరు నెలలకు వచ్చిన మా అమ్మ చీర మీద బూట్లు వేసుకుని ఒక్క తరగతి మానలేదు. తిరిగి వెళ్లాక అలాంటిది ఎక్కడుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పార్కులో నవ్వుల క్లబ్బు ఉందట, వెళ్లి నవ్వి వస్తోంది.

అన్నట్టు ఇక్కడికి వచ్చే తెలుగు అమ్మమ్మలందరికీ తెలియకుండానే బరువుల శిక్షణ జరుగుతుంది. పన్నెండు కిలోల మనవడు, రోజుకు ఎన్నిసార్లు ఎత్తాలో వాడిష్టం.

రాగిసంకటి

డబ్బా గురించి ఇంత గొడవ జరుగుతుంటే నా పేరు పెట్టుకుని నేను ఊరుకుంటే బాగుండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం. తెల్ల బియ్యంలో 10 కూడా లేదు. పావులీటరు పాలు తాగితే సుమారు 300. నువ్వుల్లో 100 గ్రాములకు వెయ్యి పైమాటే, అయితే ఎవరూ 100 గ్రాముల నువ్వులు తినరు, ఒక ఉండ తిన్నా మేలే. అవిసాకు, మునగాకు, పొన్నగంటి కూర ఉండనే ఉన్నాయి. అదే సంస్థ 2020లో పెద్దలకు రోజుకు 1000, ముట్లుడిగినవాళ్లకు 1200 మిల్లీగ్రాములు కావాలంది. అంతకుముందు 600 అనేవారు. డబ్బా వెనుక ఉన్న పట్టిక చదివి, చెంచాకు ఎంత, ఆ చెంచాకు ధర ఎంత అని లెక్క వేస్తే రాగులే గెలుస్తాయి.

సందేహాల_సంచి

కర్నూలు ఎండలో ఉన్నవాళ్లకు విటమిన్ డి మాత్ర ఎందుకు రాశారో ఎవరైనా చెబుతారా?

ఫిజియో_మాధవి

ఎండ ఊళ్లో ఉంది, మనుషులు ఇంట్లో ఉన్నారు. తిరుపతి పరిసరాల్లో జరిగిన పరిశోధనల్లో పట్నంలోనే కాదు, పల్లెల్లోనూ లోపం బయటపడింది. పైగా వయసు మీరిన చర్మం అంత చురుగ్గా డి తయారు చేయదు.

నల్లగొండ_యాదగిరి

సాంద్రత, సాంద్రత అంటున్నారు. మా దగ్గర ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. స్కోరు బ్రహ్మాండం. కానీ పెళుసు, కీళ్లు బిగుసుకుపోయి మెడ తిరగదు. ఆంధ్రలో కనిగిరి, పొదిలి వైపు కూడా ఇదే గోస, ఆ ప్రాంతంలో 1937లోనే వైద్యులు గుర్తించి రాశారు. బోరు నీళ్లతో పెరిగినవాళ్లు డెక్సా నంబరు ఒక్కటే చూసి సంబరపడకూడదు. డాక్టరుకు ఊరి పేరు చెప్పాలి.

మాస్టారు_ఆమదాలవలస

యాదగిరి గారు చెప్పింది చాలామందికి తెలియదు. మంచి మాట.

వయసు గురించి లలిత గారి బెంగ తీరేందుకు ఒకరి పేరు చెబుతాను. పంజాబ్‌కు చెందిన మన్ కౌర్ 93 ఏళ్లకు పరుగు మొదలుపెట్టారు. 2017లో ఆక్లాండ్‌లో ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ల వయసులో 100 మీటర్లు 74 సెకన్లలో పూర్తి చేసి స్వర్ణం గెలిచారు.

వాకిట్లో_వేపచెట్టు

ఆ విభాగంలో ఇంకెవరూ పోటీ లేరట కదా మాస్టారూ. ఆ వయసుకు గీత దగ్గర నిలబడటమే గెలుపు, ఒప్పుకుంటాను.

లలిత_కె

93 ఏళ్లకు పరుగు మొదలుపెట్టి నిలిచినావిడ పేరు పేపర్లో వస్తుంది. మొదలుపెట్టి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ల పేర్లు రావు. తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారు. నా అభిప్రాయం అంత తేలికగా మారదు మాస్టారూ.

తుంగభద్ర_వాణి

లలిత గారి భయమే నాదీ. కానీ భయపడి అమ్మను కూర్చోబెట్టేస్తే ఎముక ఇంకా పోతుందని కూడా అర్థమవుతోంది. మాధవి గారూ, కర్నూలులో మాకు ఆ ఆస్ట్రేలియా శిక్షకులు దొరకరు. ఇంట్లో, డాక్టరు సరే అంటే, దేనితో మొదలుపెట్టాలి?

ఫిజియో_మాధవి

వంగడం నేర్పడంతో. బరువు తరువాత. ఒక చీపురుకర్ర తీసుకోండి. అమ్మగారి వీపు వెంట నిలువుగా పెట్టి, ఒక చేత్తో మెడ వెనుక, ఇంకో చేత్తో నడుము దగ్గర పట్టుకోమనండి. తల వెనుక భాగం, రెండు భుజాల మధ్య, పిరుదుల మధ్య ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. గోడకు అడుగు దూరంలో వీపు పెట్టి నిలబడి, మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులతో గోడను తాకడానికి వెనక్కి జరగమనండి. ఒళ్లు దానంతట అదే ముందుకు వాలుతుంది. మూడింట్లో ఏ ఒక్క చోట కర్ర విడిపోయినా వెన్ను గుండ్రమైందని గుర్తు, అక్కడికే ఆపాలి. మా దగ్గరకు వచ్చే చాలామందికి ఇది కుదరడానికే రెండు వారాలు పడుతుంది. కుదిరాక స్టూలు మీద ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి, అదే పద్ధతిలో ఎత్తి దించడం. నేల మీద నుంచి కాదు. స్టూలు ఎత్తు ముఖ్యం.

కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మన బస్కీలకు పెద్దవాళ్ల రూపం. గోడకు చేతులు ఆనించి దండీలు. వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి మడమల మీద దిగడం, ఇదే వాళ్లకు గెంతడానికి బదులు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం, పక్కన గోడ ఉండాలి. ఇవన్నీ దగ్గర్లోని ఫిజియోకు ఒకసారి చూపించి చేయించండి, ఫోనులో నన్ను చూసి కాదు. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించారా? లేకపోతే అది అన్నిటికన్నా ముందు.

తుంగభద్ర_వాణి

కడ్డీ లేదు. రేపే మనిషిని పిలుస్తాను. అమ్మ మీ పోస్టు నా చేత రెండుసార్లు చదివించుకుంది. తాడు మాట మానేసి ఇప్పుడు చీపురుకర్ర కొత్తది కావాలంటోంది, పాతది వీపుకు పెట్టుకోదట.

లలిత_కె

కర్ర పద్ధతి మా అత్తగారికి మొదటే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. దానికి నాకు అభ్యంతరం లేదు.

వాకిట్లో_వేపచెట్టు

ఇన్ని పోస్టుల్లో సైకిలాయన తప్ప మగవాళ్ల ఊసు లేదు. మాకు ఈ జబ్బు రాదా? నాకు 57. ఆయాసానికి చాలా ఏళ్లుగా మందులు వాడుతున్నాను, మధ్యమధ్యలో స్టెరాయిడ్ మాత్రలు కూడా.

ఫిజియో_మాధవి

యాభై దాటిన మగవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఈ కారణంతో ఎముక విరుగుతుందని అంతర్జాతీయ లెక్క. స్టెరాయిడ్ మాత్రలు మూడు నెలలు, ఆపైన వాడినవాళ్లు వయసుతో సంబంధం లేకుండా ఎముకల పరీక్ష గురించి డాక్టరును అడగాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అది ఇంకా ప్రమాదం.

చక్రం_తిప్పేవాడు

వేపచెట్టు గారూ, నేను కూడా వారంలో రెండు రోజులు సైకిలు పక్కన పెట్టి బరువులు మొదలుపెడుతున్నాను. మీరు డెక్సాకు వెళ్లేటప్పుడు చెప్పండి, కలిసి వెళదాం.

మాస్టారు_ఆమదాలవలస

వెళ్లేటప్పుడు పాత మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. పీల్చే మందు ఎంత, మింగే మాత్ర ఎంత అని విడివిడిగా అడుగుతారు.